పెద్దత్త నోట రాని మాట

ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠం చెబుతుంటే ‘ఛీత్కారం’ అన్న మాట వచ్చింది. మొదటి వరసలో ఒకమ్మాయి లేచి, “టీచర్, గదంటే ఏంది?” అని అడిగింది. తిరస్కారం, ఏవగింపు, దూరం తరమడం అని నల్లబల్ల మీద రాశాను. రాశాక వాళ్ల ముఖాలు చూస్తే ఏమీ ఎక్కినట్టు లేదు. సరే, మీ ఇళ్లలో ‘ఛీ’ అని ఎప్పుడెప్పుడు అంటారో మీరే చెప్పండి అన్నాను. ఇక చూడాలి ఆ క్లాసును. కుక్క గిన్నెలో మూతి పెడితే ఛీ. పెండలో కాలు పడితే ఛీ. తమ్ముడు చీమిడి తెచ్చి గౌనుకు తుడిస్తే ఛీ. తాత తాగొస్తే అవ్వ ఛీ అంటుంది. “మా బావ ఏదో అంటే మా అక్క సిగ్గుపడుకుంట ఛీ అంటది టీచర్” అని వెనక బెంచీ నుంచి ఒకతి. క్లాసంతా ఒకటే నవ్వు.

ఒక్క అక్షరం. కుక్కను తరమడానికి అదే, కడుపులో తిప్పితే నోట వచ్చేది అదే, మొగుడి మీద ముద్దొచ్చినా అదే. పిల్లలు చెప్పినవన్నీ బల్ల మీద రాస్తూ రాస్తూ నా చేయి ఆగింది. ఈ మాట ఒక్కసారి కూడా అనకుండా డెబ్బై ఏళ్లు బతికిన మనిషి నాకు తెలుసు. కాదు, తప్పు చెప్పాను. ఒక్కసారి అన్నది. ఆ ఒక్కసారి కూడా నా గది గుమ్మంలోనే, పదిహేడు రోజుల నా బిడ్డను పట్టుకుని అన్నది.

పోయిన ఎండాకాలంలో ఆమె చనిపోయింది. మా ఆయనకు పెద్దమ్మ, మా అత్తకు సొంత అక్క. నాకు పెద్దత్త. పేరు రాయను. రాస్తే “నా పేరెందుకు బిడ్డా కాయితాల మీద, గొర్లకు పేర్లున్నయా?” అంటుందని తెలుసు. ఆమెకు పిల్లలు లేరు. మొగుడు ఎప్పుడో పోయాడు. ఇంతకు మించి ఆమె కథ నాకు తెలియదు. అడిగితే చెప్పేది కూడా కాదు, “మస్తు దినాలాయె, యాదికి లేదు” అని గొర్రెల వైపు చూసేది.

నకిరేకల్ నుంచి లోపలికి ఆటోలో అరగంట పోతే మా అత్తగారి ఊరు. ఎర్ర నేల, రాళ్ల గుట్టలు, అక్కడక్కడ బత్తాయి తోటలు. మా అత్తవాళ్లకు ఎనభై గొర్రెలు, కొద్దిపాటి మెట్ట చెలక. మా ఆయనది మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. వారానికోసారి ఇంటికొచ్చేవాడు, తల వెంట్రుకల్లో తెల్లటి దుమ్ముతో. మేమూ గొర్రెల కులం వాళ్లమే. కానీ మా నాయిన నల్లగొండలో ఒక ఆఫీసులో అటెండరు. మా ఇంట్లో గొర్రెలు పోయి రెండు తరాలైంది. గొర్రె అంటే నాకు ఆదివారం పూట గిన్నెలో ఉండేదే తప్ప దొడ్డిలో ఉండేది కాదు.

పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన రోజు పెద్దత్త దొడ్డి నుంచి నేరుగా వచ్చింది. పొట్టి మనిషి. మా నల్లగొండ ఫ్లోరైడు నీళ్ల పుణ్యమా అని మోకాళ్లు వంగిపోయి అటూ ఇటూ ఊగుతూ నడిచేది. భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్ర. నా తల మీద చేయి పెట్టి వంగింది. ఆ గొంగడి లోంచి పచ్చి ఉన్ని, మూత్రం, పాలు, పొగ అన్నీ కలిసిన వాసన గుప్పుమని కొట్టింది. నేను ఆపుకోలేకపోయాను. కర్చీఫు తీసి ముక్కుకు పెట్టుకుని వెనక్కి జరిగాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. మా అత్త ముఖం మాడిపోయింది. ఆమె మాత్రం కిలకిలా నవ్వింది.

“మూసుకో బిడ్డా, సిగ్గేంది? ముక్కు అబద్ధం చెప్పది” అంది. అని, తనే నాలుగడుగులు వెనక్కి పోయి అక్కడి నుంచి అక్షింతలు విసిరింది. సగం నా మీద పడ్డాయి, సగం పక్కనున్న చిన్నపిల్ల మీద.

నా సంగతి కూడా చెప్పాలి కదా. నాకు ముక్కు మీద కోపం. ఆ ముక్కు కూడా మహా సుకుమారం. ఒకరోజు నకిరేకల్ పోవడానికి ఎర్రబస్సు ఎక్కాము, పెద్దత్తా నేనూ. ఆమె పక్కన కూర్చున్న ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, “ఛీ, ఏం కంపు, జరుగవ్వా అటు” అంది. పెద్దత్త లేచి నిలబడింది. “నువ్వు సల్లగ కూసో బిడ్డా. నేను యెనక కిటికి కాడ కూసుంట, గాలికి పోతది” అని ఊగుతూ వెనక్కి నడిచింది. నేను మూడు సీట్ల ముందు కూర్చున్నాను. వెనక్కి తిరగలేదు. ఆమె ఎవరో నాకు తెలియనట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. దిగాక ఆమె ఆ సంగతే ఎత్తలేదు, నాకు మాత్రం ఒక జామకాయ కొనిపెట్టింది. ఆ జామకాయ తిన్నాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

దొడ్డిలో ఆమెదే రాజ్యం. ముళ్లకంపతో కోట కట్టిన ఆ జాగాలో మా మామ కూడా ఆమె చెప్పినట్టు వినేవాడు. ఆమెకు ఒక పట్టుదల ఉండేది. గొర్రెలు ఈనే కాలంలో దొడ్డిలో ఎవరూ ఛీ అనకూడదు, థూ అనకూడదు. కాలికి పెండ అంటినా సరే, పొట్టేలు కుమ్మినా సరే. ఒకసారి మా ఆయన కుక్కను ఛీ ఛీ అని తరిమితే కర్రతో పిక్క మీద ఒకటి వేసింది, అంత ఉద్యోగస్తుడిని. “తల్లి గొర్రె ఇంటది. ఇని, పిల్లను ఛీ అంటది” అని ఆమె లెక్క.

దొడ్డి బయట కూడా ఆమె నోట ఆ మాట వచ్చేది కాదు. కోళ్లు గింజల మీద పడితే “జర ఆగున్రి, మీకూ ఏస్త” అనేది. కాకి వస్తే “ఇప్పుడు గాదు, మల్ల రా” అనేది. కుక్కను “పో నాయినా, పో” అనేది. ఎలక్షన్లప్పుడు ఒకాయన మందు వాసనతో మైకు పట్టుకుని దొడ్డి దాకా వస్తే, ఆయనకు కూడా “పో నాయినా, గొర్లు బెదురుతయ్” అనే చెప్పింది. కుక్కతో మాట్లాడిన గొంతు, ఆయనతో మాట్లాడిన గొంతు ఒక్కటే. మా ఆయన దానికి వారం రోజులు నవ్వాడు.

తెలుగు చదువుకున్నదాన్ని కదా, ఒకసారి ఆమెను అడిగాను. తరమడమన్నా, ఛీ అనడమన్నా ఒకటే కదా పెద్దత్తా, కుక్క పోవడమే కదా కావాల్సింది అని. ఆమె జొన్నరొట్టె తుంచుతూ చెప్పింది.

“ఒకటెట్లయితది? అదిలిచ్చిన కోడి అప్పుడే మల్లొస్తది. తరిమిన కుక్క పొద్దుగూకినంక వొస్తది. ఛీ అన్న మనిషి మల్ల రాడు.”

నేను చదివిన నిఘంటువుల్లో ఇంత తేడా ఎవరూ చెప్పలేదు. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

ఆమె పనితనం చూడాలంటే ఈనిన గొర్రె తన పిల్లను చేరనివ్వనప్పుడు చూడాలి. తొలిసూరు గొర్రెలు, మొదటిసారి ఈనినవి, కొన్ని అట్లా చేస్తాయి. పిల్ల వణుకుతూ లేచి పొదుగు కోసం వస్తే తలతో కుమ్మి అవతల పడేస్తాయి. ఎందుకంటే ఎవరికీ తెలియదు. పిల్ల రెండు పూటలు పాలు లేకుండా ఉంటే చస్తుంది. అప్పుడు అందరూ ఆమె వైపు చూసేవారు. ఆమె తొందరపడేది కాదు. పిల్లను చేత్తో ముట్టుకునేది కాదు, ఎండుగడ్డితో పట్టుకుని జరిపేది. “మన చెయ్యి వాసనంటితే తల్లికి ఇంకింత రోత” అనేది. పిల్ల ఒంటి మీద ఉప్పు చల్లి తల్లి ముందు పెట్టేది. ఉప్పు కోసం తల్లి నాకేది. నాకుతూ నాకుతూ దాని వాసన పట్టేది. సగం గొర్రెలు అంతటితో దారికొచ్చేవి. ఆ కుమ్మే గొర్రెను కూడా ఆమె ఒక్క మాట అనేది కాదు. “దీని తప్పేమున్నది? బెదిరింది. దీనికి మాత్రం ఎవలు నేర్పిండ్రు?” అనేది.

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు నాకు బిడ్డ పుట్టింది. మా అమ్మ అప్పటికే లేదు. అందుకని తొలి కాన్పైనా పురుడు అత్తగారింట్లోనే జరగాల్సి వచ్చింది. దవాఖానలో ఆపరేషన్ చేసి తీశారు. నర్సమ్మ తెచ్చి పక్కన పడుకోబెట్టింది. నేను చూశాను. ఎర్రగా, ముడతలు పడి, కళ్లు మూసుకుని ఉంది. నాకేమీ అనిపించలేదు. ముద్దు లేదు, ఏడుపు లేదు. ఎవరి బిడ్డనో పొరపాటున నా పక్కన పెట్టినట్టుంది.

ఇంటికొచ్చాక ఆ ఏమీ అనిపించకపోవడం కూడా పోయి, రోత మొదలైంది. ఇది రాయడానికి చేయి రావడం లేదు కానీ రాయాలి. పాలు కక్కిన వాసన, తడిసిన బట్టల వాసన, దాని నెత్తి మీద నూనె వాసన, ఏది తగిలినా ముక్కు మూసుకునేదాన్ని. రొమ్ముకు పట్టిస్తే ఒళ్లంతా జలదరించేది, లాగి పక్కన పెట్టేసేదాన్ని. గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. అది ఏడుస్తుంటే చెవుల్లో దూది పెట్టుకున్నాను. మా అత్త మొదట బతిమాలింది, తర్వాత తిట్టింది. “ఏం తల్లివే నువ్వు? ఛీ, కుక్క గూడ పిల్లల కడుపుల పెట్టుకుంటది” అంది. చూడవచ్చిన ఆడవాళ్లందరూ గుమ్మం దగ్గర గుసగుసలాడారు. మా ఆయన సెలవు పెట్టి వచ్చి నాలుగు రోజులు తల పట్టుకుని కూర్చుని, సెలవు అయిపోయి పోయాడు. వాళ్లు తిట్టే కొద్దీ నేను ఇంకా ఇంకా గోడకు అతుక్కుపోయాను. నిజానికి వాళ్లకంటే ముందు నేనే నన్ను ఛీ కొట్టుకున్నాను.

బిడ్డకు డబ్బా పాలు పోశారు. అవి పడలేదు. విరేచనాలు పట్టుకున్నాయి. రెండుసార్లు దవాఖానకు తీసుకుపోయి తెచ్చారు. పుట్టినప్పుడున్న బరువు కూడా లేదు. తల్లి పాలు ఇవ్వమని డాక్టరు గట్టిగా చెప్పాడట. నాకు చెప్పారు. విన్నాను, మళ్లీ గోడ వైపు తిరిగాను.

అప్పుడు పెద్దత్త మందతో ఊళ్లో లేదు. మూసీ అవతల ఎవరి చెలకలోనో ఎరువు కోసం మంద పెట్టారు. కబురు అందుకుని, గొర్రెలను మామకు అప్పజెప్పి వచ్చేసరికి బిడ్డకు పన్నెండు రోజులు. ఊళ్లో ఎవరికి పసిబిడ్డ పుట్టినా నూనె రాసి నీళ్లు పోయడానికి ఆమెనే పిలిచేవారు. అంత ఒడుపుగల చేయి ఆమెది. వస్తూనే బావి దగ్గర ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, గొంగడి బయటనే విడిచి, ఉతికిన చీర కట్టుకుని నా గదిలోకి వచ్చింది. నా ముక్కు సంగతి ఆమెకు గుర్తుంది.

వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. నా మంచం పక్కన నేల మీద, నాకు వీపు పెట్టి కూర్చుంది. మా అత్త గుమ్మం దగ్గర నిలబడి మళ్లీ మొదలుపెట్టింది. పెద్దత్త తల తిప్పకుండానే, “నువ్వు నోరు మూసుకో సెల్లె. తొలిసూరు. బెదిరింది. తిడితే ఇంకింత బెదురుతది” అంది. నన్ను గొర్రెతో పోల్చినందుకు నాకు కోపం రాలేదు. పన్నెండు రోజుల్లో నా వైపు మాట్లాడిన మొదటి మనిషి ఆమె.

నాలుగు రోజులు ఆమెకు తోచినవన్నీ చేసింది. బిడ్డకు పూసే పౌడరు డబ్బా బయట పారేసింది. “గిదేం వాసన? తల్లికి తన పిల్ల వాసన తెల్వొద్దా?” అంది. నా పాత చీర అడిగి తీసుకుని దాంట్లో బిడ్డను చుట్టింది. నేను నిద్రపోయినప్పుడు దాన్ని నా వీపుకు ఆనించి పడుకోబెట్టేది. మెలకువ వస్తే నేను జరిగేదాన్ని. ఆమె ఏమీ అనకుండా తీసుకునేది. గిన్నెలోకి పాలు పిండియ్యమంటే పిండాను రెండుసార్లు, మూడోసారి చేయి ఆడలేదు. నాలుగో రోజు బిడ్డ ఏడుపు కూడా సన్నగైపోయింది. ఏడవడానికి ఓపిక లేక ముక్కుతూ ఉండేది. ఆ రాత్రంతా పెద్దత్త బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉందని మా అత్త తర్వాత చెప్పింది.

మర్నాడు తెల్లవారినంక ఆమె నా గది గుమ్మంలో నిలబడింది. రెండు చేతులతో బిడ్డను ఒంటికి దూరంగా, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుంది. ముఖం అదోలా ఉంది. నేనెప్పుడూ చూడని ముఖం.

“ఛీ!” అంది.

నేను తల తిప్పాను.

“ఛీ, ఏం పిల్లరా ఇది! కోతి మొకం, కంపు ముండ. యాడ దొరికింది మాకు? నీకొద్దు, నాకొద్దు. రోడ్డు మీద పండవెట్టొస్త, ఎవలన్న ఎత్తుకపోతె ఎత్తుకపోనీ, కుక్కలన్న గుంజుకపోనీ. ఛీ, థూ!”

అని వెనక్కి తిరిగి నిజంగానే వాకిట్లోకి నడిచింది. బిడ్డ చిన్నగా ఒక్కసారి మూలిగింది.

నాలో ఏం లేచిందో నాకు తెలియదు. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మంచం మీద నుంచి ఎట్లా దిగానో, వాకిట్లోకి ఎట్లా ఉరికానో గుర్తులేదు. ఆమె చేతుల్లోంచి బిడ్డను గుంజుకున్నాను. ఆమెను ఒక్క తోపు తోశాను. ఆమె వంకర కాళ్లు నిలవలేక గోడకు తగిలి కూలబడింది.

“నా బిడ్డను ఛీ అంటవా? నువ్వా? నీ కంపు కన్న ఎక్కువనా? పో! ఛీ పో! మల్లా నా ఇంట్ల అడుగు వెట్టినవంటే కాళ్లిరగ్గొడ్త!”

నా నోటి వెంట మా నల్లగొండ భాష అంత గట్టిగా రావడం అదే మొదటిసారి. అరుస్తూనే ఉన్నాను, బిడ్డను గుండెకు అదుముకునే ఉన్నాను. రవిక తడిసిపోయింది. ఏమిటా అని చూసుకుంటే పాలు చేపుకొచ్చి కారిపోతున్నాయి. అక్కడే వాకిట్లో, నేల మీద కూర్చుని పట్టించాను. బిడ్డ ఒకటి రెండుసార్లు జారిపోయి, తర్వాత పట్టుకుంది. ఈసారి నాకు జలదరింపు రాలేదు. తల ఎత్తి చూసేసరికి పెద్దత్త లేదు. గోడకున్న కర్ర, బయట విడిచిన గొంగడి కూడా లేవు.

ఒక్క పూటలో అంతా చక్కబడిందని చెప్పను. అట్లా చెబితే అబద్ధం. నల్లగొండలో ఒక డాక్టరమ్మ నన్ను చూసి, ఇది కాన్పైన కొందరు ఆడవాళ్లకు వచ్చే జబ్బేనని, నా తప్పు కాదని చెప్పింది. మందులిచ్చింది, వాడాను. కొన్ని రోజులు మళ్లీ గోడ వైపు తిరగాలనిపించేది. అప్పుడల్లా పెద్దత్త ముఖం, ఆ ఛీ గుర్తొచ్చేవి. ఒళ్లు మండేది. ఆ మంటతోనే బిడ్డను దగ్గరికి తీసుకునేదాన్ని. మూడో నెలకు అది నన్ను చూసి నవ్వింది. ఇక తర్వాత ఏ మంటా అవసరం లేకపోయింది.

కానీ కోపం పోలేదు. కోపంలో నాకు పట్టు ఎక్కువ. బిడ్డను చూడవచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆమె అన్న మాటలు పొల్లు పోకుండా చెప్పాను. “ముసల్దానికి పిల్లలు లేకపాయె, కండ్ల మంట” అని వాళ్లన్నారు. నేను ఔనన్నాను. ఆ మాట ఊళ్లో తిరిగింది. పసిపిల్లలకు నీళ్లు పోయడానికి ఆమెను పిలవడం మానేశారు. ఆమె బజారున పోతుంటే ఒళ్లో పిల్లలున్నవాళ్లు కొంగు కప్పేవారు. మా అత్త కూడా అక్కతో మాట తగ్గించింది. మా ఆయన ఒకసారి “పెద్దమ్మ గట్ల అనే మనిషి గాదే” అన్నాడు. “అయితే నేను అబద్ధమాడుతున్ననా?” అని లేచాను. ఆయన మళ్లీ ఎత్తలేదు.

పెద్దత్త దొడ్డిలోనే ఉండిపోయింది. సద్ది మూట అక్కడికే పోయేది. ఎవరితోనూ ఏమీ చెప్పుకోలేదు. అప్పుడప్పుడు మా ప్రహరీ గోడ బయట ఆగి మా అత్తను అడిగేదట. “తాగుతాందా?” అని ఒక్క మాట. మా అత్త “ఆఁ” అంటే పోయేదట.

పదకొండు నెలలు గడిచాయి. మళ్లీ గొర్రెలు ఈనే కాలం వచ్చింది. మా ఆయన సెలవులో వచ్చి దొడ్డి దగ్గర పని చూసుకుంటున్నాడు. ఫోను ఇంట్లో మరిచిపోయాడు. ఫ్యాక్టరీ నుంచి ఒకటే పనిగా ఫోను. మా అత్త చెలకకు పోయింది. ఇక తప్పక బిడ్డను చంకన వేసుకుని నేనే దొడ్డికి పోయాను. తీరా పోతే ఆయన గొర్రెలకు ఆకు మండలు కొట్టడానికి గుట్ట మీదికి పోయాడు. కంపకోట సందులోంచి పెద్దత్త ఒక్కతే కనబడింది. చిక్కిపోయి ఉంది. తిరిగి వచ్చేద్దామనుకున్నాను. లోపల జరుగుతున్నది చూసి నిలబడిపోయాను.

ఒక గొర్రె తన పిల్లను కుమ్ముతోంది. పిల్ల ఒంటి మీద ఉప్పు తెల్లగా కనబడుతూనే ఉంది. గొర్రె దాన్ని నాకలేదు, మళ్లీ కుమ్మింది. పిల్ల లేవలేకుండా ఉంది. పెద్దత్త లేచి, కోట బయట కట్టేసిన మా ముసలి నల్లకుక్కను తాడుతో లోపలికి తెచ్చింది. పళ్లు కూడా సరిగ్గా లేని కుక్క అది, దొడ్డిలోనే పుట్టి పెరిగింది. దాన్ని నేరుగా పిల్ల దగ్గరికి నడిపించింది. కుక్క వంగి పిల్లను వాసన చూసింది. అంతే, గొర్రె గిట్టలతో నేలను టపటపా కొట్టింది. ఒక్క దూకులో వచ్చి పిల్లకు అడ్డం నిలబడింది. తల వంచి కుక్క డొక్కలో కుమ్మింది. కుక్క కుయ్యోమని అరుస్తూ పెద్దత్త కాళ్ల మధ్యకు దూరింది. గొర్రె వెనక్కి తిరిగి పిల్లను వాసన చూసి, నాకడం మొదలుపెట్టింది.

పెద్దత్త కుక్క డొక్క నిమిరింది. కొంగు మూటలోంచి రొట్టె ముక్క తీసి దానికి పెట్టింది. “అయిపాయె నాయినా, అయిపాయె. నీదేం తప్పు లేదు” అంది.

కంపతలుపు జరుపుకుని లోపలికి పోయాను. ఆమె నన్ను చూసి గాభరాగా లేచి, గొంగడి తీసి దూరంగా పెట్టి, తను కూడా దూరం జరిగింది.

“పెద్దత్తా, ఇదేనా?” అన్నాను. “ఆ దినం నాకు చేసింది ఇదేనా?”

ఆమె కుక్క మెడలో తాడు ముడి విప్పింది. 

“ఉప్పుకు లొంగకపోతే గిదే ఆఖరు బిడ్డా. తన పిల్లను ఎవలో ఏదో చేస్తరంటే లోపలికెల్లి తల్లి లేస్తది. దానికి తెల్వది గని, లోపట ఉంటది.”

“నిన్ను తోసిన. నిన్ను ఛీ పో అన్న. ఊరంతా నీ కండ్లు మంచియి గావంటే ఔనన్న. పదకొండు నెలలు పెద్దత్తా! ఒక్క మాట చెప్పొద్దా నాకు?”

“ఎట్ల చెప్తనే? చెప్తే నీ కోపం పోతది. కోపం పోతే పాలు పోతయేమోనని భయమైంది. డబ్బా పాలకు బిడ్డ ఆగకపాయె.”

“తర్వాతనన్నా?”

“మంచిగ తాగుతాందని మీ అత్త చెప్పె. మంచిగున్నదాన్ని ఎందుకు కదిలియ్యాలె? నన్నేమంటే ఏంది, నేను ముసల్దాన్ని.” గొంతు తగ్గించి అడిగింది. “గని బిడ్డా, పసిదాన్ని అంత మాటన్న. దానికి ఏం తాకలేదు గదా? రోజూ అదే ఫికరు నాకు.”

నేను ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాను. నా సుకుమారపు ముక్కు ఆమె చీర కుచ్చిళ్లలో పెట్టి ఏడ్చాను. కొంతసేపటికి లేచి, చంకలో ఉన్న బిడ్డను ఆమె చేతుల్లో పెట్టాను. పదిహేడు రోజులప్పుడు నేను గుంజుకున్న బిడ్డను ఆమె మళ్లీ ఎత్తుకోవడం అదే.

బిడ్డ ఆమె ముఖం వైపు ఒక్క క్షణం చూసింది. అది ఎరగని ముఖం. పెదవి విరిచి, గుక్కపట్టి ఏడ్చింది. రెండు చేతులతో ఆమె గడ్డాన్ని అవతలికి నెట్టింది. ఒళ్లంతా నా వైపు విరుచుకుని, నా మెడను గట్టిగా కరుచుకుంది. నాకు చచ్చేంత సిగ్గేసింది. “ఏయ్, నాయినమ్మనే, పో” అని దాన్ని విడిపించబోయాను.

“వద్దొద్దు, ఇడిపియ్యకు” అంది పెద్దత్త. “సూడు, ఎట్ల పట్టుకున్నదో నిన్ను!”

ఆమె చేతులు వెనక్కి తీసుకుని, రెండడుగులు దూరం జరిగి, బిడ్డ ఏడుపు ఆగేదాకా మా ఇద్దరినీ చూస్తూ నవ్వుతూ నిలబడింది.